పెద్దవాళ్ల జ్ఞాపకం తప్పితే వయసునొక్కదాన్నే నిందించకండి

"ఆ మాట నాతో డాక్టరే అన్నాడు" అని డెబ్బై అయిదేళ్ల మనిషి గట్టిగా చెబుతారు. నిజానికి డాక్టరు అనలేదు. బయట వరసలో పక్క కుర్చీలో కూర్చున్నాయన అన్నాడు. ఇంట్లోవాళ్లు వెంటనే "మతిమరుపు వచ్చేసింది" అని తేల్చేస్తారు. నాకు పేచీ ఆ మాటతోనే. మరిచిపోతే అసలా మాటే గుర్తుండకూడదు కదా! ఇక్కడ మాట పొల్లుపోకుండా గుర్తుంది. ఊడిపోయింది దానికి అంటించిన చీటీ: ఎవరన్నారు, ఎక్కడన్నారు, ఎప్పుడన్నారు. చీటీ ఊడిన సీసా కనబడితే మనసు ఊరుకోదు, సబబుగా తోచిన చీటీ ఒకటి రాసి అతికిస్తుంది. వైద్యానికి సంబంధించిన మాట కాబట్టి "డాక్టరు" అన్న చీటీ అతికించింది.

వయసు పైబడ్డాక ఇలాంటి తప్పుడు జ్ఞాపకాలు పెరుగుతాయన్నది చాలామటుకు నిజం. కానీ అందులో వయసు వాటా ఎంత, ధ్యాస వాటా ఎంత, మనం అడిగిన తీరు వాటా ఎంత అన్నది ఎవరూ విడదీసి చూడరు. విడదీస్తే మన చేతిలో ఉన్న భాగం చాలా పెద్దదని తెలుస్తుంది. నా వాదన అంతా ఇదే.

ముందు ఈ పదిహేను మాటలు చదవండి. మాటకు సెకనున్నర చొప్పున, ఒక్కసారే. మళ్లీ వెనక్కి రావద్దు.

మేఘం, గొడుగు, ఉరుము, మెరుపు, చినుకు, జల్లు, ముసురు, బురద, తుఫాను, వరద, తడి, కప్ప, హరివిల్లు, చూరు, గాలి.

వీటి సంగతి కాసేపయ్యాక చూద్దాం.

జ్ఞాపకం అని మనం ఒకే పేరుతో పిలిచేది రెండు వేరువేరు పనులు. ఒకటి గుర్తుండటం: ఫలానా చోట, ఫలానా మనిషి, ఫలానా సందర్భంలో అన్న సంగతి కళ్లముందు కదలడం. రెండోది తెలిసినట్టుండటం: ఎక్కడో చూసినట్టు, ఎప్పుడో విన్నట్టు అనిపించడం, అంతకుమించి ఏమీ లేకపోవడం. వయసు మొదటిదాన్ని బాగా దెబ్బతీస్తుంది. రెండోదాన్ని పెద్దగా ముట్టుకోదు. తప్పుడు జ్ఞాపకం పుట్టేది ఈ సందులోనే. తెలిసినట్టుంది, ఎందుకు తెలిసినట్టుందో మాత్రం తెలియదు.

దీన్ని మనస్తత్వ శాస్త్రవేత్త ల్యారీ జాకబీ, ఆయన సహచరులు 1989లో చాలా తెలివైన పద్ధతిలో పట్టుకున్నారు. ప్రయోగానికి వచ్చినవాళ్లతో కొన్ని పేర్లు చదివించారు. అవన్నీ ఎవరికీ తెలియని పేర్లు. తర్వాత ఆ పేర్లను, కొత్త అనామకుల పేర్లను, నిజంగా పేరున్నవాళ్ల పేర్లను కలిపి చూపించి "వీళ్లలో ప్రసిద్ధులెవరు?" అని అడిగారు. మొదటి జాబితాలో ఉన్నవాళ్లెవరూ ప్రసిద్ధులు కారని కూడా ముందే చెప్పారు. కాబట్టి ఒక పేరును ఆ జాబితాలో చదివినట్టు గుర్తొస్తే, "కాదు" అని నిశ్చింతగా చెప్పేయవచ్చు. గుర్తు రాకుండా తెలిసినట్టు మాత్రమే అనిపిస్తే "ఎక్కడో విన్నాను, ప్రసిద్ధుడే అయ్యుంటాడు" అని బోల్తా పడతారు.

అసలు కీలకం ధ్యాసను చీల్చడంలో ఉంది. ఒక గుంపువాళ్లు పేర్లు చదువుతూనే మరోపక్క చెవిలో పడే అంకెలు వినాలి. వరసగా మూడు బేసి అంకెలు వచ్చినప్పుడల్లా, అంటే 9, 3, 7 లాంటివి, గుర్తించి చెప్పాలి. ఇలా ధ్యాస చీలినవాళ్లకు తర్వాత ఆ అనామకుల పేర్లే ప్రసిద్ధుల పేర్లలా అనిపించాయి. వాళ్లంతా పడుచువాళ్లు, మెదడుకు ఏ జబ్బూ లేదు. చదివేటప్పుడు పరధ్యానంలో ఉన్నారు, అంతే.

మరుసటి ఏడాది, 1990లో, జేన్ డైవన్‌తో కలిసి జాకబీ ఇదే పనిని పెద్దవాళ్లతో చేయించారు. చదివిన అనామకుల పేర్లను ప్రసిద్ధులవని పొరపడటం పడుచువాళ్లకంటే పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించింది. పరధ్యానంలో ఉన్న పడుచుమనిషి చేసే తప్పునే వయసు మళ్లిన మనిషి చేస్తున్నారు. ఇక్కడిదాకా చదివితే "సరే, ముసలితనం అంటే శాశ్వత పరధ్యానం" అనాలనిపిస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోయారు కూడా.

ఆగకూడదు. ఎందుకంటే 1995లో క్రిస్టీ మల్ట్‌హాప్ ఒక్కటే మార్చి చూశారు. ప్రశ్న. "ప్రసిద్ధుడా, కాదా?" అని అడగకుండా, "ఈ పేరు ప్రసిద్ధులదా, ఇందాక జాబితాలో చదివినదా, రెండూ కాని కొత్తదా?" అన్నారు. అలా అడిగేసరికి పెద్దవాళ్లు ఆ తప్పులో పడకుండా తప్పించుకున్నారు. వయసు మారలేదు, మెదడు మారలేదు. "ఇది నాకెక్కడి నుంచి వచ్చింది?" అని ఒక్క క్షణం వెతికేలా ప్రశ్న మారింది. ఈ అంశం మీద జరిగిన పనంతటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించే ఫలితం ఇదే. పెద్దవాళ్ల దగ్గర సమాచారం లేక కాదు, దాన్ని తనిఖీ చేసే అలవాటు తనంతట తాను మేలుకోక తప్పు జరుగుతోందని ఇది చూపిస్తుంది. మేలుకొలపడం అడిగేవాడి చేతిలో పని.

ఇప్పుడు ఇందాకటి జాబితా. పైకి చూడకుండా చెప్పండి. అందులో బురద ఉందా? తాళం ఉందా? వాన ఉందా?

బురద ఉంది, తాళం లేదు. వాన కూడా లేదు. ఉందని అనిపించినవాళ్లకు అది లీలగా అనిపించి ఉండదు, చదివినట్టే అనిపించి ఉంటుంది. జేమ్స్ డీస్ 1959లో మొదలుపెట్టిన ఈ పద్ధతిని 1995లో హెన్రీ రోడిగర్, కాథ్లీన్ మెక్‌డెర్మట్ మళ్లీ వెలుగులోకి తెచ్చారు. పదిహేనేసి మాటల జాబితాలతో వాళ్లు చేసిన ప్రయోగంలో, మాటలన్నీ సూచిస్తున్నా జాబితాలో లేని ఆ కేంద్ర పదాన్ని విద్యార్థులు సగానికి పైగా సార్లు, 55 శాతం దాకా, విన్నామని రాశారు. పెద్దవాళ్లతో చేయిస్తే, ఉన్న మాటలు వాళ్లకు తక్కువగా గుర్తుంటాయి. లేని మాట మాత్రం ఆ మేరకు తగ్గదు, కొన్ని ప్రయోగాల్లో పెరుగుతుంది. అదే జాబితాను మళ్లీమళ్లీ వినిపించి పరీక్షిస్తూ పోతే పడుచువాళ్లు "ఓహో, వాన లేదు" అని క్రమంగా దిద్దుకుంటారు. ఎలిజబెత్ కెన్సింగర్, డేనియల్ షాక్టర్ 1999లో చూపించినట్టు, పెద్దవాళ్లకు ఆ దిద్దుబాటు అంత తేలిగ్గా జరగదు.

ఇలాంటి జాబితాను తెలుగులో మీరే తయారుచేసి ఎవరికైనా పెట్టదలిస్తే కొన్ని జాగ్రత్తలు. కేంద్ర పదానికి దగ్గర మాటలు ముందు రావాలి, దూరపువి చివరికి పోవాలి. మాటలు గబగబా చదివేస్తే అర్థం మనసులో అల్లుకోదు. చదవడం అయిపోయాక వెంటనే రాయించకండి, ముప్ఫై సెకన్లపాటు 200 నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెట్టించండి. లేకపోతే చివరి నాలుగు మాటలు చెవిలో మోగుతూనే ఉంటాయి. "తోచింది రాయండి" అనకండి, "విన్నట్టు గట్టిగా అనిపించినవే రాయండి" అనండి. అలా అనకపోతే మీరు కొలిచేది జ్ఞాపకాన్ని కాదు, ఊహను. తెలుగులో మరో చిక్కుంది, వానకు వర్షం అన్న జంట మాట ఉంది. కాగితం మీద ఏది వచ్చినా లెక్కలోకి తీసుకోవాలి. మనసు పట్టుకున్నది భావాన్ని, దానికి ఏ మాట తొడుగుతుందో మనిషిని బట్టి ఉంటుంది.

భావాన్ని పట్టుకోవడం, వివరాన్ని వదిలేయడం అన్నది వయసుతో పెరుగుతుంది. విల్మా కౌట్‌స్టాల్, షాక్టర్ 1997లో బొమ్మలతో దీన్ని చూశారు. ఒకే రకం వస్తువుల బొమ్మలు చాలా చూపించి, తర్వాత అదే రకంలో ముందు చూపని కొత్త బొమ్మను చూపిస్తే, పెద్దవాళ్లు దాన్ని "చూశాం" అనడం పడుచువాళ్లకంటే దాదాపు రెట్టింపు ఉండింది. ఒక రకానికి ఒకటీ అరా బొమ్మలే చూపించినప్పుడు ఇంత తేడా లేదు. ఇందులో ఒక సూచన ఉంది. ఒకేలాంటివి కుప్పలుగా వచ్చిపడే చోటే పెద్దవాళ్లకు ప్రమాదం ఎక్కువ. రోజూ ఒకే గంటకు వేసుకునే మాత్ర, ప్రతినెలా వచ్చే బిల్లు, ఒకే రకం ఫోన్ కాల్స్.

మరి ధ్యాస చీలిస్తే తప్పుడు జ్ఞాపకాలు ప్రతిసారీ పెరుగుతాయా? పెరగాలని లేదు. ఈ విషయంలో సులభంగా రాసే వ్యాసాలన్నీ తడబడేది ఇక్కడే. స్టీఫెన్ డ్యూహర్స్ట్ బృందం 2007లో ఇలాంటి మాటల జాబితాలను ధ్యాస చీల్చి వినిపించింది. గుర్తున్నవి రాయమన్నప్పుడు లేని మాట ఎక్కువగా వచ్చింది. మాటలు చూపించి "ఇది విన్నారా?" అని అడిగినప్పుడు మాత్రం లేని మాటకు "విన్నాం" అనడం తగ్గింది! వాళ్ల వివరణ ఇది. మేఘం, గొడుగు అని వింటున్నప్పుడు "వాన" అన్న మాటను మనసే లోపల అనుకోవాలి. వేరే పని మీద ధ్యాస పోయినప్పుడు ఆ అనుకోవడానికి తీరిక ఉండదు, కాబట్టి లేని మాట ముద్ర కూడా బలంగా పడదు. అదే సొంతంగా రాయాల్సి వచ్చినప్పుడు, గుర్తున్నవి కొద్దే కాబట్టి, ఏది ఒప్పుకోవాలి ఏది వద్దనాలి అన్న గీతను మనిషి సడలిస్తాడు. అంటే ధ్యాస రెండు చోట్ల పనిచేస్తుంది. లోపలికి వచ్చేటప్పుడు అసలుదానికీ కల్పనకూ రెండింటికీ బలమిస్తుంది. బయటికి తీసేటప్పుడు కాపలా కాస్తుంది. కాపలా లేనప్పుడు జరిగే నష్టమే ఇంట్లో మనకు కనబడేది.

వయసు అంటే పరధ్యానం ఒక్కటే కాదని చెప్పే ఇంకో ఆధారం మోషే నవే బెంజమిన్ పనిలో ఉంది. 2000లో ఆయన ప్రతిపాదించినది సూటిగా చెప్పాలంటే: పెద్దవాళ్లకు విడివిడి సంగతులు బాగానే గుర్తుంటాయి, వాటిని కలిపే ముడి వదులవుతుంది. ఈ ముఖం తెలుసు, ఈ పేరు తెలుసు, ఈ ముఖానికి ఈ పేరేనా అంటే తేల్చలేరు. పడుచువాళ్ల ధ్యాసను చీల్చి చూస్తే వాళ్లలో ముఖమూ పేరూ ముడీ అన్నీ సమానంగా దెబ్బతిన్నాయి. ముడి ఒక్కటే ప్రత్యేకంగా తెగలేదు. కాబట్టి "కాస్త మనసు పెట్టి వింటే చాలదా" అని పెద్దవాళ్లను దెప్పడం అన్యాయం. మనసు పెట్టినా ముడి వేయడానికి వాళ్లకు అదనంగా సాయం కావాలి.

పైగా వద్దన్నది కూడా ముడిపడిపోతుంది. కరెన్ కాంప్‌బెల్, లిన్ హాషర్ బృందం 2010లో బొమ్మల మీద సంబంధం లేని మాటలు అచ్చువేసి, మాటలను పట్టించుకోకుండా బొమ్మలే చూడమన్నారు. తర్వాత బొమ్మ–మాట జంటలు నేర్చుకోమన్నప్పుడు, ఇందాక పక్కపక్కన కనబడిన జంటలు పెద్దవాళ్లకు తేలిగ్గా వచ్చాయి. పడుచువాళ్లకు ఆ లాభం కనిపించలేదు. కావాల్సిన ముడి వదులవుతుంది, అక్కర్లేని ముడి పడుతుంది. టీవీ మోగుతుండగా మందుల గురించి మాట్లాడితే టీవీ మాటకూ మీ మాటకూ ముడిపడే ఆస్కారం ఇక్కడే ఉందని నా ఉద్దేశం.

చెవి సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో దీన్ని జ్ఞాపకం సమస్యగా పొరబడతారు. 2005లో ఆర్థర్ వింగ్‌ఫీల్డ్ బృందం పెద్దవాళ్లకు మాటలు వరసగా వినిపిస్తూ మధ్యలో ఆపి, చివరి మూడూ చెప్పమంది. వినికిడి కాస్త తగ్గినవాళ్లు చివరి మాటను చక్కగా చెప్పారు, అంటే వినబడింది. దాని ముందు రెండే జారిపోయాయి. ప్రతి మాటనూ పోల్చుకోవడానికి పడే కష్టంలోనే ధ్యాస ఖర్చయిపోయి, ముద్ర వేయడానికి మిగల్లేదు. "వినబడుతోందిగా!" అని మనం అనుకునేది ఇలాంటప్పుడే. సందర్భాన్ని బట్టి వినని మాటను విన్నట్టు గట్టి నమ్మకంతో చెప్పడం కూడా పెద్దవాళ్లలో ఎక్కువని తర్వాతి పరిశోధనల్లో తేలింది. చెవి పరీక్ష చేయించకుండా జ్ఞాపకశక్తి మీద తీర్పు చెప్పడం పద్ధతి కాదు.

నమ్మకం అన్నాను కదా, ఇంట్లో గొడవలు ముదిరేది అక్కడే. చాడ్ డాడ్సన్, లేసీ క్రూగర్ 2006లో చూపించినది ఇది. ఒక ఘటన వీడియో చూశాక, అందులో లేని వివరాలు ప్రశ్నల్లో కలిపితే, పెద్దవాళ్లు వాటిని చూసినట్టు చెప్పడమే కాదు, బాగా ధీమాగా ఉన్నప్పుడే ఎక్కువ తప్పారు. జాకబీ బృందం 2005లో చేసిన ప్రయోగంలో, జవాబుకు ముందు తప్పుదారి పట్టించే మాట ఒకటి కనబడితే, దాన్నే "నాకు గుర్తుంది" అని చెప్పడం పెద్దవాళ్లలో పడుచువాళ్లకంటే పదిరెట్లు ఎక్కువ. తెలియకపోతే వదిలేయవచ్చని చెప్పినా, ఆ వీలును వాడుకుని తప్పులు తగ్గించుకోవడం కూడా వాళ్లలో బాగా తక్కువ. కాబట్టి పెద్దవాళ్లు ఒట్టు పెట్టి చెప్పారంటే అబద్ధమాడుతున్నారని కాదు, మొండికేస్తున్నారని కాదు. వాళ్ల లోపల ఆ జ్ఞాపకం నిజమైన దానిలాగే ఉంది. వాదించి గెలవలేరు, గెలవాల్సిన అవసరమూ లేదు.

అందరూ ఒకేలా ఉండరు కూడా. 2004లో క్యారిన్ బట్లర్, రోడిగర్ తదితరులు పెద్దవాళ్లను నుదుటి వెనకున్న మెదడు భాగం పనితీరును కొలిచే పరీక్షల ఆధారంగా రెండుగా విడదీశారు. బాగా చేసినవాళ్లలో తప్పుడు జ్ఞాపకాలు పడుచువాళ్లతో సమానంగానే ఉన్నాయి. పొద్దు కూడా లెక్కలోకి వస్తుంది. పెద్దవాళ్లలో ఎక్కువమందికి బుర్ర చురుగ్గా ఉండేది ఉదయం. తమకు సరిపడని వేళలో పరీక్షిస్తే పొరపాట్లు పెరుగుతాయి. ఇక అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది అయన్నా థామస్, స్టేసీ డుబోయ్ 2011 ఫలితం. "వయసుతో జ్ఞాపకం తగ్గుతుంది" అన్న భయాన్ని ముందే తగ్గించి పరీక్ష పెడితే వయసు తేడా మాయమైంది. మనం రోజూ ఇంట్లో చేసేది దానికి సరిగ్గా వ్యతిరేకం. "నీకేం గుర్తుండదులే" అని మొదలుపెట్టి, తర్వాత ప్రశ్న అడుగుతాం.

ఎలా అడగాలి? ముందు తెరిచి అడగండి: "ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పండి." తర్వాత నోరు మూసుకుని వినండి. పది సెకన్ల మౌనం మీకు ఇబ్బందిగా ఉంటుంది, వాళ్లకు అది వెతుక్కునే సమయం. మీ దగ్గరున్న వివరాన్ని ప్రశ్నలో పెట్టకండి. "నీలం చొక్కా ఆయనేనా డబ్బడిగింది?" అన్న క్షణం నుంచి నీలం చొక్కా వాళ్ల జ్ఞాపకంలో భాగం. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ కార్ల ప్రమాదం చూపించి "ఢీకొన్నాయి" అన్న క్రియ తీవ్రతను మాత్రం మార్చి వేగం అడిగితే, తీవ్రమైన మాట విన్నవాళ్లు ఎక్కువ వేగం చెప్పారు. వారం తర్వాత లేని గాజు పెంకులను చూశామన్నవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ. వాళ్లు విద్యార్థులు! చివరగా చీటీ ప్రశ్న: "ఇది మీరు కళ్లారా చూశారా, ఎవరైనా చెప్పగా విన్నారా, అలా అయ్యుంటుందని అనుకున్నారా?" మూడు దారులూ ముందే పరిచి అడగాలి. "ఎవరు చెప్పారు?" అని ఒక్కటే అడిగితే ఎవరో చెప్పారని మీరే ఖాయం చేసినట్టు. "తెలియదు" అంటే దాన్ని మంచి జవాబుగా తీసుకోండి, మొహం చిట్లించకండి. మళ్లీమళ్లీ అదే ప్రశ్న వేస్తే, రెండోసారి ఊహించినది మూడోసారికి గుర్తున్నదైపోతుంది.

వదంతులను ఖండించేటప్పుడు మరో గుంట ఉంది. ఇయాన్ స్కర్నిక్ బృందం 2005లో ఆరోగ్యం గురించిన మాటలు "ఇది అబద్ధం" అని చెబుతూ ముందుపెట్టింది. మూడు రోజులయ్యాక పెద్దవాళ్లు, మూడుసార్లు అబద్ధమని చెప్పించుకున్న మాటలనే ఒక్కసారి చెప్పించుకున్న వాటికంటే ఎక్కువగా నిజమని గుర్తుంచుకున్నారు. మాట తెలిసినట్టు మిగిలింది, "అబద్ధం" అన్న చీటీ ఊడింది. తర్వాతి పరిశోధనల్లో ఇలా ఎదురుతన్నడం ప్రతిసారీ కనబడలేదు. అయినా జాగ్రత్త తేలికే: అబద్ధాన్ని పదేపదే వల్లించకండి, నిజాన్ని వాక్యంగా చెప్పండి. "ఆ మాత్రతో ఆ పండు తినకూడదన్నది అబద్ధం" అనే బదులు "ఆ మాత్ర వేసుకుంటూ ఆ పండు తినవచ్చు" అనండి.

మాత్రల దగ్గర ఈ వ్యవహారమంతా ఒక చోటికి వస్తుంది. మింగానా, మింగాలని అనుకున్నానా? గిల్ ఐన్‌స్టైన్, మార్క్ మెక్‌డేనియల్ 1998లో ఒక మీటను ప్రతి దఫా ఒక్కసారి మాత్రమే నొక్కాలని పెట్టి చూస్తే, వేరే పని కూడా మీద పడినప్పుడు పెద్దవాళ్లు నొక్కామన్న సంగతి మరిచి మళ్లీ నొక్కారు. 2009లో అదే పనిని మెక్‌డేనియల్ బృందం కాస్త వింతగా చేయించింది, ఒక చెయ్యి తలమీద పెట్టుకుని మీట నొక్కమంది. ఆ మార్పుతో వయసు తేడా పోయింది. అంతకుముందరి నొక్కుడుల్లో కలిసిపోని గుర్తు ఒకటి ఏర్పడింది.

దాన్నే ఇంట్లో వాడవచ్చు. మాత్ర నోట్లో వేసుకునే ముందు పనులన్నీ ఆపి, "మంగళవారం, పొద్దుటి మాత్ర, ఇప్పుడు మింగుతున్నాను" అని పైకి అనాలి. ఒక చెయ్యి తలమీద పెట్టుకున్నా నామోషీ లేదు. కానీ ఏడు రోజులూ అదే భంగిమ, అదే మాట అయితే వారం తిరిగేసరికి అదీ అలవాటై కరిగిపోతుంది. రోజు పేరు అందుకే చేర్చాలి. మాత్ర మింగగానే సీసాను తలకిందులు చేసి పెట్టే చిట్కా బాగానే పనిచేస్తుంది, రాత్రి దాన్ని తిరిగి నిలబెట్టడం మరిచినప్పుడు తప్ప. అప్పుడు మర్నాడు ఉదయం అది "మింగేశారు" అని అబద్ధం చెబుతుంది. రోజుకో గది ఉన్న మాత్రల డబ్బా అయితే నింపేటప్పుడు ఫోనూ టీవీ కట్టేసి, పక్కన ఇంకొకరు చూస్తుండగా నింపాలి. నింపడంలో జరిగిన తప్పు వారమంతా వెంటాడుతుంది. గది తెరిచి మాత్ర అరచేతిలోకి తీసి, తలుపు గంట మోగితే దాన్ని బల్లమీద పెట్టి వెళ్లడం అన్నిటికంటే చెడ్డది: గది ఖాళీ, మాత్ర బల్లమీద, మనసులో "మింగాను" అన్న ధీమా. తలుపు దగ్గర ఎవరున్నా, తీసిన మాత్ర ముందు నోట్లో పడాలి, లేదా తిరిగి అదే గదిలో పడాలి. మింగానో లేదో తేలకపోతే ఏం చేయాలన్నది ఒక్కో మందుకు ఒక్కోలా ఉంటుంది. డాక్టరును ముందే అడిగి, ఆ జవాబును తేదీతో సహా డబ్బా మూత మీదే రాసి అతికించండి.